నాన్న ఉపాధి: తడి కట్టెలు

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు పక్కన ఇంకో పెద్ద కట్టడం లేస్తోంది. అక్కడ పనిచేసే కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు, సెంట్రింగు చెక్కల ముక్కలే వాళ్లకు వంటచెరకు. వానాకాలం వచ్చిందంటే ఆ చెక్కలు నాని, పొద్దున ఏడున్నరకల్లా బూడిదరంగు పొగ మెల్లగా పైకెక్కి మా తొమ్మిదో అంతస్తు బాల్కనీలోకి, ఆరేసిన తువాళ్లలోకి, చేతిలో ఉన్న కాఫీలోకి కూడా దూరుతుంది. కాస్త సిమెంటు, కాస్త తుప్పు, మిగతాదంతా అచ్చంగా తడి కట్టె వాసన. వెంటనే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అలజడి మొదలవుతుంది. ఎక్కడో ఫైర్ అయినట్టుంది చూడండని ఒకావిడ, ఫైరింజనుకు ఫోన్ చేశారా అని ఇంకొకాయన, ఏం జరిగిందో తెలియకుండానే దండం బొమ్మ పెట్టే మూడో ఆయన. అయ్యా, అక్కడ మంట తక్కువ, తడి ఎక్కువ, ఎవరో తల్లి పిల్లలకు రొట్టెలు కాలుస్తోంది, అంతకుమించి ఏమీ లేదని రాద్దామనుకుంటాను. రాయను. రాస్తే చర్చ పెరుగుతుంది. చర్చ అంటేనే నాకు చిన్నప్పుడే విరక్తి పుట్టింది, పుట్టించింది మా నాన్న.

ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. రోజంతా హాల్లో, సరిగ్గా నా గది తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటారు. నేను లోపల తలుపేసుకుని ఆఫీసు పని చేస్తున్నట్టు కూర్చుంటాను. నాకు ఉద్యోగం పోయి ఏడు వారాలైంది. మా ఆయనకు తెలుసు, అమ్మకు తెలుసు, నాన్నకు చెప్పలేదు. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని అని, రెండు రోజులు ఆఫీసు అని చెప్పి, ఆ రెండు రోజులూ క్యారేజీ కట్టుకుని ఖాజాగూడ చెరువు దగ్గర కూర్చుని, తినేసి వస్తున్నాను. నలభై రెండేళ్లొచ్చాక బడి ఎగ్గొట్టడం నేర్చుకున్నాను. ఎందుకీ నాటకమంటే, ఉద్యోగం పోయిందని చెబితే అయ్యో అనే మనిషి కాదు ఆయన. "హేతువేమిటి?" అంటారు. ఆ ఒక్క మాట వినే ఓపిక నాకు లేదు. చెప్పడానికి హేతువూ లేదు.

మా నాన్న దేవసహాయం మాస్టారు తెలుగు పండితుడు. గుంటూరు జిల్లాలో ఒక మారుమూల ఊళ్లో, ఆదివారం చర్చికీ మిగతా ఆరు రోజులు పొలానికీ వెళ్లే ఇంట్లో పుట్టి, ఏ గాలి వీచిందో గాని ఓరియంటల్ కాలేజీలో చేరి సంస్కృతం చదివారు. కావ్యాలు, వ్యాకరణం అందరూ చదివినట్టే చదివారు. తర్కం మాత్రం ఆయన్ని పట్టుకుంది, ఇక వదల్లేదు. అమ్మ నర్సు. ఆమెకు మెహదీపట్నం వైపు ఒక ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో మేం పుప్పాలగూడకు వచ్చి, యాదమ్మగారి ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. నాన్న ఆ ఊళ్లోనే చిన్న ప్రైవేటు బడిలో చేరారు.

అప్పటి పుప్పాలగూడ అంటే ద్రాక్షతోటలు, వాటి రాతి కూసాల మీద ఎండకు కూర్చునే తొండలు, మాఘమాసం దాటితే పుల్లటి పచ్చి ద్రాక్ష వాసన, వాన వెలిసిన పొద్దుట ఏనుగుల్లా నల్లగా మెరుస్తూ పడుకున్న బండలు, ఆ బండల సందుల్లో ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా కాసే సీతాఫలాలు. యాదమ్మగారి కూతురు రేణుకా నేనూ పగిలిన కాయల కోసం ఖాజాగూడ గుట్టల దాకా వెళ్లి, వెనక లంగా అరిగిపోయేదాకా జారుడుబండ మీద జారి, తిట్లు తినడానికి సిద్ధపడి ఇంటికి వచ్చేవాళ్లం. బతుకమ్మకు వాళ్లమ్మ నాక్కూడా తంగేడు పూలు కోయడం నేర్పింది, సద్దుల ప్రసాదం ముందు నా చేతిలోనే పెట్టేది. క్రిస్మస్‌కు అమ్మ చేసిన అరిసెలు, గులాబీ పువ్వులు మా ఇంట్లో కన్నా వాళ్ల ఇంట్లోనే ముందు అయిపోయేవి. మా ఇద్దరికీ ఒకే జడగంటలు, ఒకే రంగు రిబ్బన్లు. ఒక్క తేడా ఏమిటంటే రేణుక ఆకలేస్తే "అమ్మా, ఆకలైతుంది" అనేది, వాళ్లమ్మ బువ్వ పెట్టేది.

మా ఇంట్లో అలా కుదిరేది కాదు. అమ్మ డ్యూటీలో ఉన్న రోజున, బడి నుంచి వచ్చి నాన్నతో "ఆకలేస్తోంది" అంటే, "అది ప్రతిజ్ఞ, ఇంకా రుజువు కావాలి. హేతువు?" అనేవారు. పొద్దున్నుంచి తినలేదు కాబట్టి అనాలి. "ఉదాహరణ?" పొద్దున్నుంచి తినని వాళ్లందరికీ ఆకలేస్తుంది, నిన్న రేణుకకు వేసినట్టు అనాలి. నేనూ అలాంటిదాన్నే అని నాలుగోది, కాబట్టి నాకు ఆకలేస్తోంది అని అయిదోది. అయిదు మెట్లూ ఎక్కితే గాని అన్నం గిన్నె మూత లేచేది కాదు. ఒకసారి మధ్యలో ఏడ్చేశాను. ఏడుపు హేతువు కాదు, కావాలంటే కార్యం కావచ్చు అన్నారు. ఆయన పెద్ద మనసుతోనే నేర్పుతున్నానని అనుకునేవారు, నాకు మాత్రం ఆ గిన్నె ఎత్తి ఆయన నెత్తి మీద బోర్లించాలనిపించేది.

చర్చిలో ఇంకా ఘోరం. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, ప్రార్థన చేసే ఇంటికి జబ్బులు రావని చెప్పారు. పక్కన నాన్న కదలడం మొదలుపెట్టారు. అమ్మ మోచేత్తో పొడిచింది. ఆరాధన అయిపోయాక గుమ్మం దగ్గర పాస్టరుగారు అందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తుంటే, నాన్న ఆ చెయ్యి వదలకుండా ఎంతో మర్యాదగా, "అయ్యగారూ, మా ఆవిడ పనిచేసే ఆసుపత్రికి ప్రార్థన చేసేవాళ్లే ఎక్కువమంది వస్తున్నారండి. మీ హేతువులో వ్యభిచారం ఉందండి" అన్నారు. తర్కంలో ఆ మాటకు అర్థం, చూపిన కారణం దారి తప్పిందని మాత్రమేనట. గుమ్మం దగ్గరున్న వాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? పాస్టరమ్మ ముఖం కందగడ్డైంది. రెండు వారాల పాటు సంఘంలో ఆడవాళ్లు మా అమ్మను పక్కకు పిలిచి, ఏం జరిగింది, ఎవరితో అని గుసగుసగా అడిగారు. అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అంది: "మీ తర్కం తగలెయ్య! లోకంలో ఆ మాటకున్న అర్థం మీకు తెలీదా?" నాన్న శాంతంగా, "లోకం మాటల్ని పాడుచేసుకుంటే నేనేం చెయ్యను?" అన్నారు.

ఆ పాడైపోయిన మాటల్లో ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది 'ఉపాధి'. పేపర్లో ఉపాధి అవకాశాలు అని కనిపిస్తే చాలు, పెన్ను తీసి కింద గీత గీసేవారు. అసలు అర్థం ఆయన నాకు చెప్పిన రోజు బాగా గుర్తుంది. జోరు వాన. గ్యాసు బండ అయిపోయి నాలుగు రోజులైంది, కొత్తది రాలేదు. నాన్న ఎక్కడినుంచో మోపు కట్టెలు తెచ్చారు, అవి నీళ్లోడుతున్నాయి. అమ్మ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊది ఊది, కళ్లు ఎర్రబడి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఉంది. ఇల్లంతా పొగ. నాన్న వంటింటి గడపలో నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, ఇంతకంటే మంచి తరుణం దొరకదన్నట్టు పాఠం మొదలుపెట్టారు.

"పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. అది నిజమే. మరి నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా?"

ఉంటుందన్నాను. పొయ్యిలోంచి ఎర్రగా కాలిన ఇనుప ఊచ తీసి చూపించారు. అందులో నిప్పుంది, పొగ లేదు. అంటే నిప్పు ఒక్కదానివల్లే పొగ రాదు, మధ్యలో ఇంకొకటి కలవాలి. అది తడి కట్టె. పొగ ఉన్నచోటల్లా తడి కట్టె ఉండి తీరుతుంది, నిప్పున్న చోటల్లా మాత్రం ఉండదు. మనం చెప్పకుండా దాచేసిన ఆ షరతునే శాస్త్రంలో ఉపాధి అంటారని, ఎవరైనా దీని వల్లే అది జరిగిందని అడ్డంగా చెబితే ముందు మధ్యలో ఉపాధి ఏముందో వెతకమని చెప్పారు. "జీతానికి పెట్టుకున్న పేరు కాదమ్మా అది. ఆ అర్థం పేపర్లవాళ్లది. ఉపాధి అంటే ఏమిటి?" అన్నారు.

"తడి కట్టె" అన్నాను.

"ఆ తడి కట్టెలు తెచ్చిన మహానుభావుడెవరో కూడా చెప్పమను" అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి.

నాకు ఆ రోజు ఆ మాట అర్థమైనందుకు గర్వంగా ఉంది. అర్థం కాకపోయి ఉంటే ఎంత బాగుండేదో!

ఆ వేసవిలో మా అయిదో తరగతి అయిపోయింది. బస్సెక్కి వెళ్లేంత దూరంలో సిస్టర్లు నడిపే పెద్ద బడి ఒకటి ఉండేది. నీలం గౌను, తెల్ల బూట్లు, ఆటస్థలంలో వరుసగా నిద్రగన్నేరు చెట్లు, తలుపులున్న లైబ్రరీ. రేణుకా నేనూ అందులోనే చేరాలని, ఒకే బెంచీ మీద కూర్చోవాలని, కిటికీ పక్క చోటు ఒకరోజు తనకు, ఒకరోజు నాకు అని కూడా పంచుకుని ఉన్నాం. యాదమ్మగారు, రేణుక, నాన్న, నేను కలిసే వెళ్లాం. ఫారాలు తెలుగులో ఉన్నాయి. నా చేతిరాత బాగుంటుందని నాన్న నన్నే నింపమని, తను చెట్టు కింద ఎవరితోనో మాటల్లో పడ్డారు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, వరుసగా రాశాను. ఆ కింద ఉంది: తండ్రి ఉపాధి.

నేను చాలాసేపు ఆలోచించాను. ఇంత పెద్ద బడి కదా, ఫారంలోనే చిన్న పరీక్ష పెట్టారనుకున్నాను. రేణుక తన ఫారంలో 'వ్యవసాయం' అని రాసుకుంటుంటే, పాపం, వీళ్ల ఇంట్లో తర్కం చెప్పేవాళ్లు లేరు, తప్పు రాస్తోంది అని జాలిపడ్డాను కూడా. ఉపాధి అంటే తడి కట్టె. మా ఇంటికి ఆ కట్టెలు తెచ్చింది నాన్నే. అన్నీ సరిపోయాయి. గుండ్రటి అక్షరాలతో 'తడి కట్టెలు' అని రాసి, కింద చుక్క పెట్టి, గుమాస్తాకు ఇచ్చాను.

గుమాస్తా చదివి, నాన్నను పిలిచి, "ఏం సార్, మీకు కట్టెల అడితి ఉందా? అందులో తడివి కూడా అమ్ముతరా?" అన్నాడు. వరుసలో ఉన్న తల్లిదండ్రులంతా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. నవ్వు విని పెద్ద సిస్టరు గదిలోంచి బయటికి వచ్చింది. ఫారం చూసి తనూ నవ్వింది, మంచిగానే నవ్వింది. "పిల్లకు తెలియక రాసింది మాస్టారూ. అది కొట్టేసి ఉపాధ్యాయుడు అని రాయండి, చాలు" అంటూ తన పెన్ను తీసి ఇచ్చింది.

ఒక్క గీత. నా సీటుకు, రేణుక పక్కన బెంచీకి, ఆ నిద్రగన్నేరు చెట్లకు అడ్డం ఒక్క గీతే. నాన్న ఆ పెన్ను తీసుకోలేదు.

"పిల్ల తెలియక రాయలేదండి. తెలిసే రాసింది. తప్పు మీ ఫారంలో ఉంది. అక్కడ వృత్తి అని ఉండాలి."

తర్వాత జరిగింది నేను మర్చిపోవాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను. ఆయన నిప్పుతో మొదలుపెట్టారు. ఇనుప ఊచ చెప్పారు. సిస్టరు రెండుసార్లు గడియారం చూసింది. సరే, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాం, ముందు ఇది కొట్టేయండి, వెనక చాలామంది ఉన్నారంది. కొట్టేస్తే పిల్ల తప్పు రాసిందని ఒప్పుకున్నట్టవుతుంది, పిల్ల తప్పు రాయలేదని నాన్న. ఉపాధికీ ఉపాధ్యాయుడికీ చుట్టరికం ఏమీ లేదని, ఆ రెండూ వేరు వేరు ధాతువుల నుంచి వచ్చాయని కూడా చెప్పారు, అదేదో సీటు ఇప్పించే సంగతైనట్టు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "నాన్నా, తప్పేనని చెప్పేద్దాం నాన్నా" అన్నాను. ఆయన వంగి నా ముఖంలోకి చూసి, "చెయ్యని తప్పును ఒప్పుకోకూడదమ్మా" అన్నారు. వెనక నుంచి యాదమ్మగారు, "గా ఒక్క మాట కొట్టేస్తే ఏం పోతది సారూ? బిడ్డ మొఖం జూడుండ్రి జర" అంది. సిస్టరు పెన్ను మూత పెట్టింది. ఈ ఏడాదికి సీట్లు అయిపోయాయని, ఫారం మడిచి నాన్న చేతిలో పెట్టింది. రేణుక ఫారం మాత్రం బల్ల మీదే ఉంది.

అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను అంతకంటే ఎక్కువ రోజులే. జూన్‌లో రేణుక నీలం గౌను వేసుకుని బస్సెక్కింది. నేను అదే పాత బడిలో, నాన్న పాఠం చెప్పే గదిలో, మొదటి బెంచీలో కూర్చున్నాను. మొదట్లో రేణుక సాయంత్రం పరిగెత్తుకొచ్చి అన్నీ చెప్పేది. దసరా దాటేసరికి ఆమె చెప్పే పేర్లు నాకు తెలియనివి ఎక్కువయ్యాయి. సీతాఫలాల కాలం వచ్చి, పండి, ఎండిపోయింది, మేం గుట్టల మీదకు వెళ్లలేదు. మా ఇద్దరికీ తగాదా ఏమీ రాలేదు, వచ్చినా బాగుండేది. ఇదంతా ఒక మాటకు అసలు అర్థమేమిటో లోకానికి తెలియాలని! లోకానికి ఏం తెలిసింది? ఈ రోజుకీ ప్రతి పేపర్లో ఉపాధి అంటే ఉద్యోగమే.

ద్రాక్షతోటలు నేను కాలేజీలో ఉండగానే పోయాయి. గాజు భవనాలు మాదాపూర్ దాటి, గచ్చిబౌలి దాటి మా గుమ్మం దాకా వచ్చాయి. అందులోనే ఒకదాంట్లో నాకు ఉద్యోగం దొరికింది, పద్దెనిమిదేళ్లు చేశాను. జారుడుబండను పేల్చి మూడు అంతస్తుల సెల్లారు తవ్వారు. యాదమ్మగారి ఇల్లున్నచోట కార్లు కడిగే షాపు ఉంది. రేణుక ఎక్కడుందో తెలియదు. ఏడు వారాల కిందట, వీడియో కాల్‌లో ఒక చిన్నమ్మాయి మా టీమ్ మొత్తాన్ని తీసేస్తున్నామని నవ్వుముఖంతో చెప్పినప్పుడు, నేను బాగా పనిచేస్తున్నాను కాబట్టి నా ఉద్యోగం ఉంటుందని పద్దెనిమిదేళ్లూ నమ్మినదాన్ని, మధ్యలో ఉపాధి వెతకలేదు కదా అనుకున్నాను. ఆయన పాఠం సరైన సమయానికి గుర్తొచ్చినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

నిన్న మధ్యాహ్నం ఇంటింటి వివరాలు రాసుకునేవాళ్లలో ఒకామె ట్యాబు పట్టుకుని మా ఫ్లాటుకు వచ్చింది. నేను మంచినీళ్లకని గదిలోంచి అప్పుడే బయటికి వచ్చాను. నాన్న కుర్చీలో ఉన్నారు. ఆమె చెమట తుడుచుకుంటూ, "అందరి పేర్లు చెప్పుండ్రి సార్, జల్దీ అయిపోతది" అంది. పేర్లు, వయసులు చెప్పారు. "మీ ఉపాధి ఏంది సార్?"

నా ప్రాణం ఉసూరుమంది. అయిపోయింది, ఇక నిప్పు, ఇనుప ఊచ, ఈమె ఈ పూట పై అంతస్తుకు వెళ్లదు అనుకున్నాను. నాన్న తల కూడా ఎత్తకుండా, "రిటైరైపోయానమ్మా, టీచర్ని" అన్నారు.

"మీ బిడ్డది?"

వంటింట్లో అమ్మ పళ్లెం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఎంతసేపైనా సరే, ఆయన ఆ మాట మీద వాదన వేసుకుంటే బాగుండునని, నా జన్మలో మొదటిసారి, మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

"సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని రాసుకోండమ్మా. ఈమధ్య ఇంటి నుంచే చేస్తోంది" అన్నారు నాన్న.

ఆమె రాసుకుని వెళ్లిపోయింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, "ఏమండీ, మీకు తెలుసా?" అంది.

"మొదటి వారమే తెలిసింది."

"తెలిసి కూడా ఉందని చెప్పారా?"

"పిల్ల ఎదురుగా నిలబడి ఉంది కదే" అన్నారాయన.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చెయ్యని తప్పును ఒప్పుకోకూడదని నా సీటు పోగొట్టిన మనిషి, లేని ఉద్యోగాన్ని కళ్లార్పకుండా రాయించేశారు. ఈ పని ముప్పై రెండేళ్ల కిందట చేసి ఉండొచ్చు కదా. ఇప్పుడెందుకు చేయాలి? నాకోసం ఆయన ఓడిపోవడం నాకేం అవసరం? ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఇప్పుడైనా మొదలుపెడతారని, ఎలా కనిపెట్టారో వరుసగా చెబుతారని, ఆ తర్వాత నా వంతు వస్తుందని చూశాను. ఆయన పేపరు పేజీ తిప్పారు. ఆ పేజీలో పైనుంచి కింద దాకా ఎక్కడా పెన్ను గీత లేదు.

"హేతువు అడగండి నాన్నా" అన్నాను చివరికి.

ఆయన కళ్లజోడు తీసి, పేపరు మడిచి పక్కన పెట్టి, "ఎందుకులేమ్మా" అన్నారు.